పాత చీరలతో బొంత కుట్టుకొనేవారికి

చిరుగు పట్టిన నూలు చీరలతో ఇంట్లోనే బొంత కుట్టుకోదలచినవారు, ముందుగా వాటిని గంజి పూర్తిగా పోయేలా రెండుసార్లు ఉతికి, నీడన ఆరబెట్టి, ముడతలు లేకుండా ఇస్త్రీ చేసుకోవాలి. సుమారు 5.5 మీటర్ల చీరను మూడు పొరలుగా మడిస్తే ఒకరు కప్పుకొనేందుకు సరిపడే పొడవు వస్తుంది. చలికాలానికైతే రెండు చీరలు కలపడం మేలు. పొరలు కదలకుండా జానెడు దూరంలో పొడవాటి టాకాలు వేసి, అసలు కుట్టును అంచు నుంచి కాక నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి సాగిస్తే, గుడ్డ ఒకేచోట పోగుపడి ఉబ్బదు. వరుస కాస్త వంకరపోయినా విప్పనక్కరలేదు. మా ఇంటి బొంతలో నాకు మిక్కిలి ఇష్టమైనది అటువంటి వరుసే. రంగు దారం వాడేటట్లయితే, దానిని తడిపిన తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి.