స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బో: పికప్ పడిపోయింది, స్కానర్‌లో మాత్రం ఏమీ లేదు

సమస్య ఇలా మొదలవుతుంది. మూడో గేరులో 2,500 ఆర్‌పీఎం దగ్గర తొక్కితే మునుపటి తోపు ఉండదు. బండి పోతుంది, కానీ వీపు సీటుకి అంటుకోదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఐడిల్ 800కీ 1,000కీ మధ్య ఊగుతుంది. వాల్వ్ కవర్ అంచున ఎప్పుడూ ఆయిల్ తడి. గట్టిగా తోలిన రోజు బానెట్ ఎత్తితే డిప్‌స్టిక్ కొంచెం పైకి లేచి ఉంటుంది. స్కానర్ పెడితే చాలాసార్లు కోడే (బండి కంప్యూటర్ రాసిపెట్టే తప్పు నంబరు) ఉండదు. ఉంటే 17705, అంటే టర్బోకీ థ్రాటిల్‌కీ మధ్య ప్రెషర్ పడిపోతోందని.

ఆ తర్వాత జరిగే తంతు అందరికీ తెలిసిందే. ముందు లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సార్ మారుస్తారు. తగ్గలేదు. బూస్ట్‌ని, అంటే టర్బో ఊదే ఒత్తిడిని, అదుపు చేసే ఎన్75 వాల్వ్ మారుస్తారు. తగ్గలేదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో గాలిని వెనక్కి తిప్పే డైవర్టర్ వాల్వ్, ఆ తర్వాత ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్. చివరికి "టర్బో పోయింది సార్". టర్బోకి ఏమీ కాలేదు. ఇంటేక్ మ్యానిఫోల్డ్ కింద, ఎవరికీ కనపడని చోట, వేలెడంత ప్లాస్టిక్ వాల్వు ఒకటి తెరుచుకుని ఉండిపోయింది.

ఇది 2000లలో మన దగ్గర అమ్మిన 150 హార్స్‌పవర్ ఆర్‌ఎస్ గురించి. అప్పటి పాసాట్, ఆడి ఏ4లలోనూ ఇదే 1,781 సీసీ, 20 వాల్వుల ఇంజిన్ ఉంది. వాటిలో పైపుల దారి వేరు, తర్కం మాత్రం ఇదే.

ముందు రెండు నిమిషాల పని

మల్టీమీటర్ తీయండి. బండి ఆపి రాత్రంతా ఉంచాక బ్యాటరీ 12.5 వోల్టులకి తగ్గకూడదు. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం డీఫాగర్ అన్నీ వేసి, మీటర్ ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కీ ఇంకో కొన ఇంజిన్ బ్లాక్‌కీ ఆనించండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు విప్పి, రెండు చివరలా గీకి, బిగించండి. ఇరవై ఏళ్ల బండిలో ఎర్తింగ్ చూడకుండా సెన్సార్లు కొనేవాళ్లకి ఏం చెప్పాలో తెలియదు.

బ్యాటరీ తీసి పెట్టారా? అయితే థ్రాటిల్ అడాప్టేషన్ కూడా చేయాలి, అంటే గాలి రెక్క స్థానాలు ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) మళ్లీ నేర్పాలి. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్, వీసీడీఎస్‌లో (స్కోడా, ఫోక్స్‌వాగన్ బండ్ల లాప్‌టాప్ స్కానర్ ప్రోగ్రాం) బేసిక్ సెట్టింగ్స్, గ్రూప్ 060. ఇది చేయకుండా "ఐడిల్ ఊగుతోంది" అనడంలో అర్థం లేదు.

తర్వాత అంకెలు

ఇంజిన్ బాగా వేడెక్కాక గ్రూప్ 032 తెరవండి. మొదటి గడి ఐడిల్ ట్రిమ్, రెండోది నడిచేటప్పటి ట్రిమ్. ట్రిమ్ అంటే ఈసీయూ పెట్రోలుని మామూలు లెక్క కంటే ఎంత పెంచుతోందో (ప్లస్), ఎంత తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె. కోడ్ లేకపోయినా ఈ రెండు గడులే అసలు సంగతి చెబుతాయి.

మొదటి గడి +5 దాటి, రెండోది మామూలుగా ఉంటే మ్యానిఫోల్డ్ ఎక్కడో బయటి గాలి పీలుస్తోంది. మొదటిది బాగానే ఉండి రెండోది బాగా ప్లస్‌లో ఉంటే ఎయిర్‌ఫ్లో సెన్సార్ తక్కువ చూపిస్తోంది, లేదా ఫ్యూయల్ ఫిల్టర్, పంపు. రెండోది మైనస్‌లో ఉండి, తొక్కినప్పుడు వెనక నల్ల పొగ వస్తే టర్బోకీ థ్రాటిల్‌కీ మధ్య పైపు వదులైంది. కొలిచిన గాలి బయటికి పోతోంది, దానికి లెక్కగట్టిన పెట్రోలు మాత్రం లోపలికి పోతోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బంకులో ఇప్పుడు దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కిలో అసలు పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఇంజెక్టర్లు 8, 9 శాతం ఎక్కువ పోయాలి. ఈ బండి ఈసీయూకి ఆ సంగతి తెలియదు, ట్రిమ్‌తోనే సర్దుకుంటుంది. కాబట్టి రెండో గడిలో +6, +8 కనపడితే అది జబ్బు కాదు. ఆ అంకె చూసి మంచి ఎయిర్‌ఫ్లో సెన్సార్ పారేసినవాళ్లు చాలామంది ఉన్నారు. సెన్సార్ మీద అనుమానం ఉంటే ఖాళీ రోడ్డు మీద, పక్కన ఇంకొకరు లాప్‌టాప్ పట్టుకోగా, మూడో గేరులో పూర్తిగా తొక్కి గ్రూప్ 003 చూడండి. 150 హార్స్‌పవర్ బండికి సెకనుకి 120 గ్రాముల దరిదాపుల్లో రావాలి.

ఇక అసలు చిక్కు: రెండు గడులూ శుభ్రంగా ఉన్నాయి, అయినా గ్రూప్ 115లో ఈసీయూ అడిగిన బూస్ట్ ఒకటి, వచ్చింది ఒకటి. ఈ అంకెలు చూసే టర్బో మీద నింద వేస్తారు.

ట్రిమ్ బాగుండీ బూస్ట్ తగ్గితే: బ్రీదర్ చెక్ వాల్వ్

ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర నుంచి క్రాంక్‌కేస్ (పిస్టన్ల కింది గది) ఆవిరి ఒక గొట్టంలో పైకి వస్తుంది. బ్రీదర్ అంటే ఇదే. వాల్వ్ కవర్ నుంచి వచ్చే గొట్టం దానితో కలుస్తుంది. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి, గుండ్రటి బిళ్లలాంటి ప్రెషర్ రెగ్యులేటర్ గుండా టర్బో ముందున్న ఇన్‌లెట్ పైపులోకి. రెండోది, చెక్ వాల్వ్ గుండా ఇంటేక్ మ్యానిఫోల్డ్‌లోకి. ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ పీలుస్తుంది, చెక్ వాల్వ్ తెరుచుకుంటుంది. బూస్ట్ రాగానే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరిగి వాల్వ్ మూసుకోవాలి.

ఏళ్ల తరబడి ఆయిల్ ఆవిరి తగిలి ఆ వాల్వ్ జిగురు పట్టేస్తుంది, మూసుకోదు. అప్పుడు టర్బో ఊదిన గాలి మ్యానిఫోల్డ్ నుంచి వెనక్కి క్రాంక్‌కేస్‌లోకి, అక్కడి నుంచి మళ్లీ టర్బో ఇన్‌లెట్‌కి తిరుగుతుంది. ఆ ఇన్‌లెట్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ తర్వాతే ఉంది కదా. అంటే తిరుగుతున్న గాలి అంతా ముందే లెక్కలోకి వచ్చినది. బయటికి పోలేదు, బయటి నుంచి రాలేదు. అందుకే ట్రిమ్ కదలదు, కోడ్ చాలాసార్లు రాదు, బుస్సుమన్న చప్పుడూ ఉండదు. ఇంజిన్ కడుపులో మాత్రం గాలి నిండి, డిప్‌స్టిక్‌ని నెడుతుంది, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచి ఆయిల్ చిమ్ముతుంది. గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ కారుతోందంటే కారణం గ్యాస్కెట్‌లో లేదు.

వాల్వుతో పాటు గొట్టాలూ చెడతాయి. పైకి గట్టిగా, కొత్తవాటిలా ఉంటాయి. మలుపు దగ్గర కింది వైపు చేయి పెట్టి నొక్కండి. మెత్తగా దిగబడి, వేలికి కాటుకలా నల్లగా అంటుకుంటే ఆ గొట్టం పని అయిపోయింది. చీలితే ఐడిల్‌లో బయటి గాలి లోపలికి పోయి మొదటి గడి ప్లస్‌కి ఎక్కుతుంది. వేడికి రబ్బరు మెత్తబడినప్పుడే చీలిక నోరు తెరుస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద చూసి "అన్నీ బాగున్నాయి" అనేయొద్దు. ఇరవై నిమిషాలు తోలి వచ్చి చూడండి.

మొదటి పరీక్షకి సామాను అక్కర్లేదు. వేడి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. ఐడిల్ కొంచెం తడబడాలి. అసలేమీ కాకపోతే ఆ వ్యవస్థలో ఎక్కడో చిల్లు ఉంది, లేదా దారి పూడిపోయింది. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు.

రెండోది, వాల్వ్ చేతికి అందితే తీసి నోటితో ఊదండి. బ్రీదర్ వైపు నుంచి మ్యానిఫోల్డ్ వైపు గాలి పోవాలి, ఎదురు అస్సలు పోకూడదు. చల్లగా పాసైతే నమ్మొద్దు. మరిగిన నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి మళ్లీ ఊదండి.

మూడోది, అసలు పరీక్ష. ఇన్‌లెట్ పైపు లోపలి వ్యాసం కొలుచుకుని, దానికి సరిపోయే పీవీసీ ఎండ్ క్యాప్ హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకోండి. మధ్యలో రంధ్రం చేసి ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ బిగించండి. గాలికి 12 వోల్టుల టైరు పంపు చాలు.

1. ఎయిర్‌ఫ్లో సెన్సార్ విప్పి, ఇన్‌లెట్ పైపు నోట్లో క్యాప్ పెట్టి క్లాంప్ బిగించండి.
2. ఇన్‌లెట్ పైపుకి వచ్చే బ్రీదర్ గొట్టాన్ని విప్పి, పైపు వైపు నోరు మూసేయండి. అందరూ మరిచిపోయేది ఇదే. మూయకపోతే మీ పంపు గాలి నేరుగా క్రాంక్‌కేస్‌లోకి పోతుంది, ఆయిల్ సీళ్లు మీరే పాడుచేసుకుంటారు.
3. ఆయిల్ పోసే మూత తీసి పక్కన పెట్టండి.
4. 10 పీఎస్‌ఐ దాటకుండా ఊదండి. ముఖం క్యాప్‌కి ఎదురుగా పెట్టొద్దు, ఊడితే గట్టిగా తగులుతుంది.
5. షాంపూ నీళ్లు స్ప్రే చేస్తూ ఇంటర్‌కూలర్ పైపుల జాయింట్లన్నీ చూడండి.
6. ఇప్పుడు ఆయిల్ మూత రంధ్రం మీద అరచేయి పెట్టండి.

అరచేతికి గాలి తగిలితే సంతోషించే ముందు ఒక్క పని చేయండి. ఏదో ఒక సిలిండర్‌లో ఇన్‌లెట్ వాల్వ్ తెరిచే ఉంటుంది, పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గాలి దిగడం మామూలే. కాబట్టి మ్యానిఫోల్డ్‌కీ చెక్ వాల్వ్‌కీ మధ్య గొట్టాన్ని, గుడ్డ చుట్టి, ప్లయర్‌తో నులమండి. గాలి ఆగితే దోషం చెక్ వాల్వ్‌దే. ఆగకుండా సన్నగా వస్తూనే ఉంటే అది రింగుల గాలి, వదిలేయండి. గేజ్ మెల్లగా పడుతూ ఉండడం కూడా తప్పు కాదు, అసలు ప్రెషరే నిలవకపోతే వెతకాలి.

మార్చేటప్పుడు

ఒక్క వాల్వ్ మార్చి బానెట్ మూయొద్దు. చెక్ వాల్వ్, గుండ్రటి రెగ్యులేటర్, వాటి మధ్య గొట్టాలు, టీ జాయింట్, అన్నీ ఒకేసారి మార్చండి. అన్నీ ఒకే వయసువి. ఒకటి పోయిందంటే మిగతావి క్యూలో ఉన్నాయి. పాత వాల్వ్‌ని పెట్రోలుతో కడిగి వేస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది, మళ్లీ అతుక్కుంటుంది.

అసలు గొట్టం దొరకలేదని రేడియేటర్ హోస్ ముక్క కోసి వేసే షెడ్లు ఉన్నాయి. రేడియేటర్ హోస్ ఈపీడీఎం రబ్బరు. నీళ్లకి మంచిది, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మామూలు సిలికాన్ కూడా ఆయిల్‌కి పనికిరాదు. ఆయిల్, పెట్రోలు తట్టుకునే హోస్ అని అడిగి తీసుకోండి. మలుపు దగ్గర మడత పడితే ఐడిల్ వ్యాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది, కాబట్టి వంపు తిరిగి ఉన్న మౌల్డెడ్ గొట్టమే మేలు.

కొత్త వాల్వ్ మీద బాణం గుర్తు ఉంటుంది, అది మ్యానిఫోల్డ్ వైపు చూడాలి. తిప్పి బిగిస్తే ఐడిల్‌లో ఆవిరికి దారి లేదు, బూస్ట్‌లో గాలికి అడ్డు లేదు. పాతదానికంటే ఘోరం.

పని మొదలుపెట్టే ముందు డిప్‌స్టిక్ పైపు పైనుండే ప్లాస్టిక్ గరాటా ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. ఆ సందులో చేయి పెట్టగానే పాతది పెళుసుగా విరుగుతుంది, ముక్కలు లోపల పడతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే దిగండి. థ్రాటిల్ బాడీ తీస్తే చేయి ఆడటానికి చోటు దొరుకుతుంది, మ్యానిఫోల్డ్ విప్పే అవసరం చాలాసార్లు రాదు.

పాత గొట్టం లోపల తారులాంటి మడ్డి కనపడితే అక్కడితో ఆగొద్దు. అదే మడ్డి సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ పీల్చే పికప్ జల్లెడని కూడా పూడుస్తుంది. సంప్ దింపి కడగండి, ఫోక్స్‌వాగన్ 502 00 స్పెసిఫికేషన్ ఉన్న 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ పోయండి, 7,500 కిలోమీటర్లకి మించి ఉంచొద్దు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఇంటిదాకా తోలుకురావడం వద్దు, అక్కడే ఆపండి.

అంతా బిగించాక కోడ్లు చెరిపి, 060 అడాప్టేషన్ చేసి, ఊళ్లోనూ హైవే మీదా కలిపి యాభై కిలోమీటర్లు తోలి, 032, 115 మళ్లీ చూడండి.

మిగతావి

డైవర్టర్ వాల్వ్: ఇది కూడా గాలిని టర్బో ముందుకే తిప్పుతుంది కాబట్టి ట్రిమ్ కదలదు. విప్పి లోపలి పిస్టన్ పైకి నెట్టి, చిన్న గొట్టం నోరు వేలితో మూసి వదలండి. పైనే నిలవాలి. వెంటనే దిగితే డయాఫ్రం చిరిగింది.

ప్లగ్గులు: గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. బూస్ట్‌లో దడదడమంటే ముందు ఇదే చూడండి, కాయిల్ తర్వాత.

కూలెంట్ టెంపరేచర్ సెన్సార్: పొద్దున్నే స్టార్ట్ చేయకముందు స్కానర్‌లో బయటి ఉష్ణోగ్రతే చూపించాలి. తేడా ఉంటే మార్చండి.

3, 4 మిల్లీమీటర్ల సన్న వ్యాక్యూమ్ గొట్టాలు: పరీక్షలతో కాలం వృథా, మొత్తం మార్చేయండి.

ఎన్75: నిజంగా పోవడం అరుదు. కాటలిటిక్ కన్వర్టర్ పూడిపోవడం ఇంకా అరుదు.

టర్బో: అన్నిటికంటే చివర. ఇన్‌లెట్ పైపు తీసి షాఫ్ట్ పట్టుకోండి. పక్కకి కొద్దిగా కదలొచ్చు, ముందుకీ వెనక్కీ కదలకూడదు, రెక్కలు గోడకి రాసుకోకూడదు. ఇంతవరకూ బాగుంటే టర్బో జోలికి పోవద్దు.

వాల్వ్ కవర్ గ్యాస్కెట్ మాత్రం వెంటనే కొనకండి. అంచులు శుభ్రంగా తుడిచి 200 కిలోమీటర్లు తోలండి. క్రాంక్‌కేస్ ప్రెషర్ తగ్గాక చాలా బండ్లలో ఆ కారడం దానంతటదే ఆగిపోతుంది. అప్పటికీ తడి కనపడితేనే గ్యాస్కెట్ మార్చండి.