మ్యాప్‌లో ఉప్పెన కనిపించలేదంటే ఉప్పెన రాలేదని కాదు

తుపానుల సీజన్ దగ్గర పడుతోందంటే చాలు, తీరం మీద పనిచేసేవాళ్లు, విద్యార్థులు, ఊరికే ఆసక్తి ఉన్నవాళ్లు కూడా శాటిలైట్ సముద్రమట్టం డేటా దించుకోవడం మొదలుపెడతారు. మంచి పనే. 1992లో వెళ్లిన టోపెక్స్/పోసైడాన్ నుంచి, తర్వాతి జేసన్ ఉపగ్రహాల మీదుగా, 2020లో వెళ్లిన సెంటినెల్-6 దాకా ఒకే దారిలో కొలతలు సాగుతూనే ఉన్నాయి. కాకపోతే వీటిని ముఖ్యంగా నడిసముద్రం కోసం తయారుచేశారు. మనం అడిగేదేమో ఒడ్డు గురించి, అదీ ఒక్క రాత్రి పొంగే నీటి గురించి. చిక్కంతా అక్కడే.

అన్నిటికన్నా ముందు, ఫైల్లో ఏమేం తీసేశారో చూసుకోండి. ఇది నాకు బాగా తగిలిన దెబ్బ. ఓసారి తుపాను తీరం చేరే వేళకి సరిగ్గా అటుగా వెళ్లిన పాస్ (ఉపగ్రహం ఒక గీత వెంట కొలుస్తూ పోయిన ప్రయాణం) ఒకటి దొరికింది. ఎగిరి గంతేసి గ్రాఫ్ గీశాను. పెద్ద గుట్ట వస్తుందనుకున్న చోట చిన్న బుడిపె. రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను. కోడ్ బాగానే ఉంది. నేను వాడిన 'సీ లెవల్ అనామలీ' (మామూలు మట్టం నుంచి తేడా) కాలమ్‌లో ఆటుపోట్లనీ, గాలి, వాయుపీడనం వల్ల పెరిగిన మట్టాన్నీ కంప్యూటర్ మోడల్ లెక్కతో ముందే తీసేసి ఉన్నారు. పీడనం 1 హెక్టోపాస్కల్ తగ్గితే నీరు సుమారు 1 సెంటీమీటరు పైకి లేస్తుంది. 50 తగ్గితే అరమీటరు అన్నమాట. గాలి నీటిని ఒడ్డుకు తోయడం దీనికి అదనం. సముద్ర ప్రవాహాలు చదివేవాళ్లకు ఇదంతా అడ్డు కాబట్టి తీసేస్తారు. మనకు కావలసిందే అది! డైనమిక్ అట్మాస్ఫియరిక్ కరెక్షన్ (గాలి, పీడనం వాటా), ఓషన్ టైడ్ (ఆటుపోట్ల వాటా) అనే రెండు కాలమ్‌లు వెతికి తిరిగి కలుపుకోండి. కలపాలో తీసేయాలో అనుమానం వస్తే, కలిపాక అల్పపీడనం కింద మట్టం పెరిగిందా లేదా చూడండి. తగ్గిందంటే గుర్తు తిరగబడినట్టే.

నాణ్యత ఫ్లాగులది, అంటే అనుమానపు కొలతలకు పెట్టే గుర్తులది, ఇంకో గొడవ. మామూలు వడపోతలో మట్టం తేడా 2 మీటర్లు దాటినా, అల ఎత్తు 11 మీటర్లు దాటినా ఆ కొలతను అనుమానించి పక్కన పడేసే పద్ధతి ఉంది. ప్రశాంతమైన రోజుల్లో అది సబబే. తుపాను రోజున మాత్రం మనం వెతుకుతున్న విలువే చెత్తబుట్టలోకి పోవచ్చు. ఫ్లాగ్ పడిన పాయింట్లను కళ్లతో చూడకుండా తొలగించకండి.

'డైలీ మ్యాప్' అనే పేరు చూసి మోసపోకండి. జేసన్ దారిలో ఉపగ్రహం ఒకే గీత మీదికి మళ్లీ రావడానికి దాదాపు 10 రోజులు పడుతుంది. భూమధ్యరేఖ దగ్గర పక్కపక్క గీతల మధ్య దూరం సుమారు 315 కిలోమీటర్లు. ఉప్పెన తారస్థాయి నిలిచేదేమో కొన్ని గంటలే. చాలా ఉపగ్రహాల, చాలా రోజుల పాస్‌లను కలిపి నునుపు చేస్తే వచ్చేదే ఆ రంగుల మ్యాప్. 2004 సునామీ అప్పుడు భూకంపం వచ్చిన సుమారు రెండు గంటలకు జేసన్-1, టోపెక్స్ అటుగా వెళ్లి, నడిసముద్రంలో 60 సెంటీమీటర్ల స్థాయి అలను పట్టుకున్నాయి. శాస్త్రవేత్తలకు అది వరమే. అయినా ఆ సమయానికి అటు వెళ్లడం అదృష్టం. సీజన్‌కి ప్లాన్ వేసుకునేవాళ్లు అదృష్టాన్ని లెక్కలో వేసుకోకూడదు.

ఒడ్డుకు 10, 20 కిలోమీటర్ల లోపలికి వచ్చాక ఇంకా జాగ్రత్త. ఉపగ్రహం పంపిన రాడార్ తరంగం నీటిని తాకి తిరిగొస్తుంది. నడిసముద్రంలో ఆ ప్రతిధ్వని ఒక్కసారిగా లేచి, మెల్లగా వాలుతుంది. ఆ లేచే అంచును బట్టే ఎత్తు లెక్కకడతారు. ఒడ్డు దగ్గర తడి ఇసుక, రేవులో కదలని నీళ్లు అద్దంలా మెరిసి, ఆ వాలు మీద ముళ్లలా పొడుచుకొస్తాయి. లెక్క ఆ ముల్లుకు తగులుకుందంటే మట్టం తప్పు. అందుకే తీరం కోసం 'రీట్రాకింగ్' చేసిన, అంటే ప్రతిధ్వనిని మళ్లీ విడిగా లెక్కకట్టిన, డేటానే వాడండి. 2022 డిసెంబరులో వెళ్లిన స్వాట్ ఉపగ్రహం గీతతో సరిపెట్టకుండా సుమారు 120 కిలోమీటర్ల వెడల్పున కొలుస్తుంది, ఒడ్డు దగ్గర చాలా మెరుగు. అదీ ఒకే దారికి మళ్లీ రావడానికి 21 రోజులు పడుతుంది.

మరి శాటిలైట్ ఎందుకంటే, ఉప్పెన ఏ మెట్టు మీద ఎక్కుతుందో చెప్పడానికి. 1993 నుంచి ప్రపంచ సగటు సముద్రమట్టం దాదాపు 10 సెంటీమీటర్లు పెరిగింది. దాని మీద సీజన్ పోటు, సుడులు, ఎల్ నినో లాంటివి కొన్ని తీరాల్లో మట్టాన్ని వారాల తరబడి పైనే ఉంచుతాయి. ఈ నెమ్మదైన పెరుగుదలను పట్టడంలో శాటిలైట్‌కు సాటి లేదు. సీజన్ మొదలయ్యేటప్పుడు మీ తీరం ఎదురుగా మట్టం మామూలు కన్నా 15 సెంటీమీటర్లు ఎక్కువుందని తెలిస్తే, అమావాస్య, పౌర్ణమి పోటు పట్టికకు ఆ 15 కలిపి చదవండి. ఒడ్డున అలలు విరిగి పైకి పాకే నీరు మాత్రం ఇందులో రాదు, దాన్ని విడిగా వేసుకోవాలి.

'వందేళ్లకోసారి వచ్చే మట్టం' లాంటి లెక్కలు ఒక్క శాటిలైట్ డేటాతోనే కట్టకండి. మూడు దశాబ్దాల రికార్డు, అదీ పది రోజులకోసారి. దానికి ఒడ్డునే ఉండి నీటిమట్టాన్ని గంట గంటకీ రాసే టైడ్ గేజ్ అనే పరికరం కావాలి. పైగా నేల కుంగుతున్న చోట గేజ్ ఆ కుంగుబాటును కూడా చూపిస్తుంది, ఉపగ్రహం చూపించదు. రెండింటినీ పోల్చేటప్పుడు సున్నా ఎక్కడుందో సరిచూసుకోండి. శాటిలైట్ ఎత్తును ఎలిప్సాయిడ్ (భూమికి గణితంలో వాడే నున్నటి ఆకారం) నుంచి లెక్కిస్తారు. హిందూ మహాసముద్రంలో ఒక చోట సముద్రపు ఉపరితలం దానికి 100 మీటర్లకు పైగా కిందే ఉంటుంది.

నేనైతే సీజన్‌కి నెల ముందే పాస్‌ల టైమ్‌టేబుల్ ప్రింట్ తీసి గోడకు అంటిస్తాను. ఖాళీ రోజుల మీద ఎర్ర పెన్నుతో గేజ్ పేరు రాస్తాను, గేజ్ లేని చోట మోడల్ అని రాస్తాను. తుపాను వచ్చాక మాత్రం ఆ కాగితం వైపు చూడను. అప్పుడు వినాల్సింది వాతావరణ శాఖ హెచ్చరిక ఒక్కటే.