అమెరికా వెళ్తున్న అమ్మానాన్నలకు: ఆ రెండో ముక్క జోలికి వెళ్లకండి

పోయిన మే నెలలో ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి, రావులపాలెంలో నా మందుల షాపు షట్టర్ ఎత్తుతుండగా అక్క వీడియో కాల్ చేసింది. అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఏమీ మాట్లాడకుండా ఫోన్ బావగారి వైపు తిప్పింది. ఆయన సోఫాలో కూర్చుని, అరచెయ్యి గుండె మీద నొక్కిపెట్టుకుని, "టైమెంతయింది?" అని అడుగుతున్నారు. అక్క చెప్పింది. నిమిషం కాలేదు, మళ్లీ అదే ప్రశ్న. నేను చూస్తుండగానే నాలుగుసార్లు అడిగారు. పెదాలు ఎండిపోయాయి, కళ్లు ఎర్రబడ్డాయి. "నా పని అయిపోయిందిరా. పొలం కాగితాలు బీరువా కింది అరలో ఉన్నాయి, అక్కకి చూపించు" అన్నారు నాతో.

ఆయన లంకలో కొబ్బరి, అరటి పండించుకునే మనిషి. జన్మలో బీడీ ముట్టలేదు. ఆ రాత్రి తిన్నవి మూడు మామిడి గమ్మీలు, అంటే జెల్లీలాంటి మెత్తటి మిఠాయి ముక్కలు. గంజాయి గమ్మీలు. దొంగచాటు సరుకేం కాదు, లైసెన్సు ఉన్న షాపులో బిల్లుతో కొన్నవి. మోకాళ్ల నొప్పితో నిద్రపట్టడం లేదంటే, కొడుకు స్నేహితుడొకడు మంచి మనసుతోనే తెచ్చిచ్చాడు.

మళ్లీ ఆ సీజన్ వచ్చేసింది. మేలో పిల్లల గ్రాడ్యుయేషన్లు, కోడళ్ల, కూతుళ్ల పురుళ్లు. షాపుకొచ్చి ఆరు నెలలకి సరిపడా బీపీ, షుగర్ మాత్రలు కట్టించుకుని వెళ్తున్నారు. ప్రతివాళ్లకీ కౌంటర్ దగ్గర నిలబెట్టి చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. ఇన్సూరెన్సు, మందుల చీటీ, ఆవకాయ ప్యాకింగు మీకు తెలిసినవే. వాటి గురించి రాయను.

ముందు రుచి సంగతి

కొలరాడోలో 2014 జనవరి 1 నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లకి గంజాయి షాపుల్లో అమ్ముతున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో అదే ఏడాది, కాలిఫోర్నియాలో 2018లో మొదలైంది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి దేశమంతటా చట్టబద్ధం. షాపులో చూస్తే మన మామిడి పళ్ల బండిలాగే ఉంటుంది. మనకి బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి, రసాలు ఉన్నట్టు అక్కడ బ్లూ డ్రీమ్, సోర్ డీజిల్, నార్తర్న్ లైట్స్ అని రకాలు. ఒకటి బెర్రీపళ్ల తీపి వాసన, ఒకటి పేరుకి తగ్గట్టు డీజిల్ ఘాటు. ఆ వాసనలు టెర్పీన్లనే పదార్థాలవల్ల వస్తాయి. మామిడిపండులోనూ నిమ్మగడ్డిలోనూ ఉండే మిర్సీన్, నిమ్మతొక్కలో ఉండే లిమోనీన్, మిరియాల్లో ఉండే కారియోఫిలిన్ గంజాయి పువ్వులోనూ ఉంటాయి. కాబట్టి వాసన మనకి కొత్తగా అనిపించదు. అదే ప్రమాదం.

గమ్మీ దగ్గరకొచ్చేసరికి ఆ లెక్క కూడా ఉండదు. చాలావాటిలో గంజాయి సారం వేరు, పైన కలిపిన పండు రుచి వేరు. మామిడి రుచి ఉందంటే మామిడి రుచి ఉందనే అర్థం, మెత్తగా పనిచేస్తుందని కాదు. 'ఇండికా' అంటే నిద్ర, 'సటైవా' అంటే హుషారు అని షాపులో చెప్పే మాట కూడా నమ్మదగ్గది కాదు. గంజాయిలో మత్తెక్కించే పదార్థం పేరు టీహెచ్‌సీ. అది ఎన్ని మిల్లీగ్రాములుందో అదే చూడాలి.

ఇంకో సంగతి. పిల్లలు మిఠాయి అనుకుని తినకుండా కొలరాడోలో 2017 నుంచి పండు, జంతువు, మనిషి ఆకారాల్లో గమ్మీలు చేయకూడదన్నారు. అందుకని మామూలు చదరపు ముక్కలుగా చేస్తున్నారు. మంచి ఉద్దేశమే. కానీ నారింజ రంగులో, నాలుగు పలకలుగా, పైన పంచదార అద్దిన ముక్క ఆత్రేయపురం మనిషికి ఎలా కనబడుతుంది? మామిడి తాండ్రలా కనబడుతుంది. బావగారు తర్వాత నాతో అన్నారు: "మొదట అచ్చం తాండ్రేరా. మింగేటప్పుడు నాలిక వెనకాల వేపపుల్ల నమిలినట్టు సన్నటి చేదు." ఆ చేదుని ఆయన పట్టించుకోలేదు.

అసలు తప్పు

ఏడింటికి భోజనం చేసి ఒకటి తిన్నారు. నలభై నిమిషాలు చూశారు. ఏమీ లేదు. "ఇది నాకు పనిచేయదులే" అని రెండోది. ఎనిమిది దాటాక మూడోది. తొమ్మిదింటికి మూడూ కలిసి మీద పడ్డాయి.

పొగ తాగితే నిమిషాల్లో తెలిసిపోతుంది, రెండు మూడు గంటల్లో దిగుతుంది. తిన్నది అలా కాదు. కడుపులో అరగాలి, కాలేయానికి చేరాలి. అక్కడ టీహెచ్‌సీ ఇంకో రూపంలోకి మారుతుంది, మెదడు మీద అది మరింత బలంగా పనిచేస్తుంది. మొదలవడానికే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కడుపునిండా తిన్నాక వేసుకుంటే ఇంకా ఆలస్యం కావచ్చు. ఎక్కాక ఆరేడు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కొలరాడోలో ఒక ముక్కకి టీహెచ్‌సీ పది మిల్లీగ్రాములు, ప్యాకెట్టుకి వంద దాటకూడదని రూలు. కొత్తవాళ్లకి ఆ పదే ఎక్కువ. బావగారు ముప్ఫై తిన్నారు.

మళ్లీ చెబుతున్నాను: ఏమీ అనిపించలేదంటే పనిచేయలేదని కాదు, ఇంకా ఎక్కలేదని.

ఇది ఒక్క మా బావగారి కథే కాదు. 2014 మార్చిలో కొలరాడోలో 19 ఏళ్ల విద్యార్థి 65 మిల్లీగ్రాముల కుకీలో ఆరో వంతు తిన్నాడు. షాపువాళ్లు చెప్పింది అంతే. అరగంటో గంటో చూశాడు, ఏమీ అనిపించలేదు, మిగతాదంతా తినేశాడు. కొన్ని గంటల్లో పిచ్చెక్కినట్టు మాట్లాడి నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దీన్ని నివేదికలో రాసింది. ఆ కుర్రాడు చేసిందీ అదే తప్పు, రెండోసారి తినడం.

నా మాటైతే మొదటిది కూడా వద్దు. కానీ పొరపాటునో, ఎవరో ఇచ్చారనో ఒకటి తినేశారు. అక్కడితో ఆపండి. ఆ రాత్రికి ఆపండి. "కొంచెమే కదా" అని సగం ముక్క కూడా వద్దు.

మాత్రలు వేసుకునేవాళ్లు

ఇవి తింటే గుండె వేగం పెరుగుతుంది. లేచి నిలబడేసరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డెబ్భై ఏళ్ల మనిషి బాత్రూంలో పడితే తుంటి ఎముక పోతుంది. రక్తం పలచబడే వార్ఫరిన్‌లాంటి మాత్రలు వాడేవాళ్లకి టీహెచ్‌సీ, గంజాయిలోనే ఉండే మత్తెక్కించని సీబీడీ రెండూ ప్రమాదమే, రక్తస్రావం పెరగవచ్చు. నిద్రమాత్రతో కలిపితే మత్తు మీద మత్తు. మద్యంతో కలిపినా అంతే. సీబీడీ నూనె మోకాళ్లకి మంచిదని ఎవరైనా ఇస్తే మీ డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే సీసా మూత తీయండి.

మనవలు

పెద్దవాళ్లకి చాలాసార్లు భయంతో సరిపోయేది చిన్నపిల్లలకి ప్రాణం మీదకి వస్తుంది. అమెరికాలో ఆరేళ్లలోపు పిల్లలు ఇవి తినేసి, విషం కేసులకి ఫోన్లో సలహా ఇచ్చే పాయిజన్ సెంటర్లకి ఫోన్లు వచ్చిన కేసులు 2017లో 207, 2021లో 3,054. చాలావరకు సొంత ఇంట్లోనే. పిల్లాడు ఉన్నట్టుండి మత్తుగా వాలిపోతే, నడక తూలితే, పిలిస్తే పలక్కపోతే "నిద్రొస్తోందిలే" అని జోకొట్టకండి. అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ఇంట్లో ఏ గమ్మీ అయినా ప్యాకెట్టు చూడకుండా నోట్లో వేసుకోకండి. కొలరాడోలో వజ్రం ఆకారంలో ఆశ్చర్యార్థకం, టీహెచ్‌సీ అనే అక్షరాలు ముక్క మీదే ఉంటాయి. కాలిఫోర్నియా ప్యాకెట్టు మీద త్రికోణంలో ఆకు బొమ్మ. కళ్లజోడు పెట్టుకుని చూడండి.

ఎవరింటికైనా వెళ్తే బ్రౌనీ, కుకీ ఇచ్చినా అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

తిన్నాక ఎక్కువైందా? పక్కన ఒక మనిషి ఉండాలి. గదిలో వెలుతురు తగ్గించండి, నీళ్లు కొంచెం కొంచెంగా తాగించండి, "ఇది తగ్గిపోతుంది" అని చెబుతూ ఉండండి. విరుగుడు మందు లేదు. గుండెల్లో నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం ఉంటే ఆగకండి, ఆసుపత్రికి వెళ్లండి.

ఆసుపత్రిలో నిజం చెప్పండి. అక్క సిగ్గుపడి మొదట "ఏదో స్వీటు తిన్నారు" అంది. దానివల్ల గుండెపోటేమోనని పరీక్షలన్నీ చేశారు. తెల్లారి పంపించారు, బాగానే ఉన్నారు.

కారు నడపవద్దు. మర్నాడు పొద్దున కూడా.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో గంజాయి చట్టబద్ధమే, అక్కడి కేంద్ర చట్టం ప్రకారం కాదు. విమానంలో తీసుకెళ్లకండి, రాష్ట్రం దాటించకండి. వీసా మీద ఉన్నవాళ్లు వాడినట్టు సరిహద్దు అధికారి ముందు ఒప్పుకుంటే, ఆ ఒక్క మాట మీదే లోపలికి రానివ్వకపోవచ్చు. ఇది మీకే కాదు, మీ అబ్బాయికీ వర్తిస్తుంది. చెప్పండి వాడికి.

తిరుగు ప్రయాణంలో మిగిలిన గమ్మీలు సూట్‌కేసులో వేయకండి. దుబాయ్, దోహా మీదుగా వచ్చేవాళ్లు మరీ జాగ్రత్త. ఇక్కడ దిగాక మన మత్తుపదార్థాల చట్టం, 1985 ఎన్‌డీపీఎస్ చట్టం. 35వ సెక్షన్ ప్రకారం, మీరు తెలిసే తెచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది. తెలియదని నిరూపించుకోవాల్సింది మీరే. "అక్కడ బిల్లుతో కొన్నాం సార్" అన్నా ఒరిగేదేమీ లేదు.

ఎవరి ప్యాకెట్టూ మీ బ్యాగులో పెట్టుకోకండి. చుట్టాలదైనా సరే. విప్పి చూపించమనండి.

ఒకటి తిని ఏమీ కాలేదని రెండోది తినకండి. ఇంటికెళ్లి మీ ఆయనకీ, మీ ఆవిడకీ ఇదే మాట చెప్పండి.

అమెరికా పాయిజన్ సెంటర్ నంబరు 1-800-222-1222. ఫ్రిజ్ తలుపు మీద అతికించండి.

వెళ్లిన మొదటిరోజే, సామాన్లు విప్పకముందే పిల్లల్ని అడగండి: "ఇంట్లో అలాంటివి ఉన్నాయా? ఎక్కడ పెట్టారు?" ఉంటే తాళం వేయించండి. మీరు పట్టుకెళ్లిన తాండ్ర డబ్బా మీద పెద్దక్షరాలతో 'తాండ్ర' అని తెలుగులో రాసి, వేరే అలమరలో పెట్టండి.