లారీ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయా? ముందు లీకు ఎక్కడో పట్టుకోండి

బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడో, చంద్రగిరి వైపు నుంచి భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడో టెంపరేచర్ ముల్లు పైకి పోతే చాలామంది చేసేది ఒకటే. బండి పక్కకు ఆపి, కాసేపయ్యాక బిందెడు నీళ్లు పోసి కదిలిపోతారు. రెండు రోజులకు మళ్లీ అదే కథ. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, డీజిల్ లాగా ఖర్చయ్యేది కాదు, మూసిన దారిలో తిరుగుతూ ఉండేది. వారానికి ఒక లీటరు పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. ఆ చోటు కనిపెట్టకుండా బోరు నీళ్లు పోస్తూ పోతే, ఆ నీళ్లే ఇంకో లీకుకు దారి తీస్తాయి. మన వైపు బోరు నీళ్లు వాడిన బిందె అడుగున పట్టే తెల్ల గారే రేడియేటర్ ట్యూబుల లోపలా పడుతుంది. గార పట్టిన ట్యూబు వేడిని వదలదు, గార కింద లోహం తినుకుపోతుంది.

మూత తీసేముందు

ఇంజిన్ ఆపాక కనీసం ముప్పావు గంట ఆగండి. పై హోస్ పైపును గుడ్డతో పట్టి నొక్కి చూడండి. గట్టిగా ఉంటే లోపల ఇంకా ప్రెషర్ ఉన్నట్టు. మెత్తగా లొంగాకే మూత మీద మందపాటి గుడ్డ వేసి కొంచెం తిప్పండి, బుస్సుమనే శబ్దం ఆగాక పూర్తిగా తీయండి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ (ఇంజిన్ పై భాగం) పగలొచ్చు. కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కానీ విషం. కుక్కలు, పశువులు నాకితే ప్రాణం పోతుంది. దాన్ని బేసిన్‌లోకే దించండి, కాలువలోకి వదలొద్దు.

చుక్కను కాదు, మరకను నమ్మండి

రాత్రి బండి ఆపాక ముందు భాగం కింద అట్టలు పరిచి, పొద్దున స్టార్ట్ చేయకముందే చూడండి. క్యాబిన్‌లో ఏసీ ఉన్న బండి కింద పడిన నీళ్లన్నీ లీకు కాదు. ఏసీ నీరు వట్టి నీళ్లలా ఉంటుంది. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, రంగు ఉంటుంది, తియ్యటి వాసన వస్తుంది.

చుక్క పడిన చోటికి నేరుగా పైనే లీకు ఉంటుందనుకోవద్దు. ఫ్యాన్ గాలి దాన్ని వెనక్కి ఇంజిన్ మీదికి కొడుతుంది, లేదా ఛాసిస్ వెంట జారి రెండడుగుల అవతల పడుతుంది. క్యాబిన్ లేపి టార్చి వేసి చూస్తే, కూలెంట్ ఎండిన చోట తెల్లగానో పచ్చగానో గులాబీ రంగులోనో పొడి పేరుకుని కనిపిస్తుంది. ఆ మరక వెంటే పైకి వెళ్లండి. అది మొదలైన చోటే లీకు. వెతకాల్సిన చోట్లు ఇవీ: రెండు హోస్ పైపుల క్లిప్పులు, రేడియేటర్ టాంకూ కోరూ (ట్యూబులుండే మధ్య భాగం) కలిసే అంచు, కోర్ ముందు వైపు రాళ్లు తగిలే చోట్లు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి పెరిగిన కూలెంట్ చేరే ట్యాంకు) అతుకు, క్యాబిన్ హీటర్ పైపులు. బీఎస్6 బండ్లలో యూరియా ట్యాంకు దగ్గరికి వెళ్లే సన్న కూలెంట్ పైపులు కూడా ఉంటాయి. వాటిని చూడటం చాలామంది మరిచిపోతారు.

కొన్ని లీకులు చలికే కారతాయి. డిసెంబరులో పలమనేరులో రాత్రి ఆపిన బండి కింద పొద్దున నాలుగు చుక్కలు కనబడి, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతే క్లిప్పు దగ్గర చూడండి. చలికి రబ్బరు ముడుచుకుని సందు వస్తుంది, వేడికి ఉబ్బి మూసుకుంటుంది.

ప్రెషర్ టెస్టు

కంటికి దొరకకపోతే ప్రెషర్ టెస్టర్ పెట్టాల్సిందే. చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ నిండా పోసి, మూత స్థానంలో టెస్టర్ బిగించి, మూత మీద రాసిన అంకె వరకే పంపు కొట్టండి. 0.9 అని ఉంటే 0.9 బార్, అంటే సుమారు 13 పీఎస్‌ఐ. అంతకు మించి కొడితే బాగున్న అతుకు కూడా ఊడుతుంది. 15 నిమిషాలు వదిలేయండి. ముల్లు దిగితే టార్చి పట్టుకుని తడి వెతకండి. దిగకపోతే టెస్టర్ తీసి మూత పెట్టి ఇంజిన్‌ను వేడిచేసి, ఆపి, పైన చెప్పినట్టు పై హోస్ పైపు మెత్తబడ్డాకే మూత తీసి ఇంకోసారి చేయండి. కొన్ని పగుళ్లు వేడికే తెరుచుకుంటాయి.

మూతను కూడా అదే టెస్టర్‌తో చూడండి. దీన్ని పట్టించుకోనివాళ్లే ఎక్కువ, అసలు చిక్కు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. పలమనేరు ఎత్తులో మామూలు నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. 0.9 బార్ మూత సరిగ్గా పట్టి ఉంచితే 117 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు చిట్లితే ఆ తేడా అంతా పోయి, లీకు లేని బండి కూడా ఘాట్ మీద పొంగుతుంది. బండి చల్లారాక హోస్ పైపు లోపలికి పీల్చుకుపోయి చదునుగా కనిపిస్తే, మూతలో గాలిని వెనక్కి తీసుకునే చిన్న వాల్వు అతుక్కుపోయిందని అర్థం. మార్చేటప్పుడు అదే అంకె ఉన్న మూతే వేయండి. ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే పొంగదని కొందరు అంటారు. అలా చేస్తే పొంగే బదులు రేడియేటర్ పగులుతుంది.

బయట చుక్క లేదు, లోపల తగ్గుతోంది

ఇది కష్టమైన రకం. డిప్‌స్టిక్ మీద నూనె పాల టీలా కనిపిస్తే ఇంజిన్ ఆయిల్‌లోకి నీళ్లు పోతున్నాయి, ఆ బండిని ఇక నడపొద్దు. ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో నూనె తేలుతుంటే ముందు ఆయిల్ కూలర్‌ను చూడండి. వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తుంటే ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) గానీ హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) గానీ పోయి ఉండొచ్చు.

రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయని వెంటనే హెడ్ దించేయొద్దు. చాలా లారీల్లో ఎయిర్ బ్రేకు కంప్రెసర్ హెడ్ కూడా కూలెంట్‌తోనే చల్లబడుతుంది. దాని గ్యాస్కెట్ పోతే గాలి నేరుగా కూలెంట్‌లోకి వస్తుంది. తేడా తెలుసుకోవడం తేలిక. చల్లటి ఇంజిన్‌కు మూత తీసి, బ్రేకు గాలి దించేసి, స్టార్ట్ చేసి చూడండి. గాలి ఎక్కేటంతసేపూ బుడగలు వచ్చి, గాలి ట్యాంకు నిండి కంప్రెసర్ కట్ అయ్యాక తగ్గితే తప్పు కంప్రెసర్‌ది. కట్ అయ్యాకా అలాగే వస్తుంటే హెడ్ గ్యాస్కెట్. అప్పుడు పొగ వాయువును పట్టే నీలి ద్రవం టెస్టు చేయించండి, రంగు పచ్చగానో పసుపుగానో మారితే ఖాయం. ఈ ఐదు నిమిషాల పరీక్ష చేయక హెడ్ దించి వేలకు వేలు పోగొట్టుకునేవాళ్లున్నారు.

బాగుచేయడం

హోస్ పైపు: నొక్కితే లోపల పటపటమన్నా, నూనె తాగి ఉబ్బినా మార్చేయండి. పాతదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. పైపు ఎక్కే గొట్టం మీద గీత పడితే కొత్త పైపు కూడా కారుతుంది. ఎలాగూ పారేసేదే కాబట్టి బ్లేడు గొట్టానికి తగలకుండా నిలువునా కోసి ఒలిచేయండి. గొట్టం మీది గారను సన్న ఎమరీ కాగితంతో తీయండి. క్లిప్పు పైపు కొసకు 5 మి.మీ. లోపల, గొట్టం మీది ఉబ్బు దాటి కూర్చోవాలి. రబ్బరు కొద్దిగా ఉబికితే చాలు. క్లిప్పు పళ్లలోకి రబ్బరు పొంగేంత బిగిస్తే పైపు కోసుకుపోతుంది. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ ఒక పట్టు వేయండి.

రాగి, ఇత్తడి రేడియేటర్‌కు టంకం వేయొచ్చు, దాన్ని దించి రేడియేటర్ షాపులో ఇవ్వండి. రెండు మూడు ట్యూబులు మూసేసినా నడుస్తుంది. అంతకంటే ఎక్కువైతే కోర్ మార్చాల్సిందే, లేకపోతే లోడుతో ఘాట్ ఎక్కదు. అల్యూమినియం కోరూ ప్లాస్టిక్ టాంకూ ఉన్నదానికి టంకం పనికిరాదు. అంచు రబ్బరు పోతే అంచు విప్పి కొత్తది వేయించొచ్చు. ప్లాస్టిక్ పగిలితే టాంకు మార్చాలి. ఎమ్‌సీల్ పూత షెడ్డు దాకా రావడానికి మాత్రమే. పని అయ్యాక నీటి తొట్టిలో ముంచి, మూత ప్రెషర్‌కు గాలి పట్టించి, మీ కళ్లతో చూశాకే బిగించండి.

మూలల్లో మళ్లీ మళ్లీ పగులుతుంటే రేడియేటర్‌ను తిట్టొద్దు, దాని కింది రబ్బరు బుష్‌లు చూడండి. బుష్ అరిగితే ఛాసిస్ మెలిక అంతా కోర్ మీదే పడుతుంది. రాతి లోడు తోలే బండ్లలో ఇది తప్పక చూడాలి. బుష్ మార్చకుండా వేసిన టంకం ఎన్నాళ్లో నిలవదు.

వాటర్ పంపు కింది రంధ్రం నుంచి కారితే లోపలి సీలు పోయింది. ఆ రంధ్రాన్ని మూసేయొద్దు. మూస్తే నీళ్లు బేరింగ్‌లోకి పోయి పంపు పట్టేస్తుంది, ఫ్యాన్ దాని మీదే ఉంటే రేడియేటర్‌ను కూడా చీల్చొచ్చు. పంపు మార్చండి.

పసుపు పొడి గురించి ఒక మాట. దారిలో చిక్కుకుంటే రెండు చెంచాలు వేసి ఊరు చేరడం డ్రైవర్లకు అలవాటు. సన్న లీకు ఆగుతుంది, నిజమే. కానీ అదే పొడి ట్యూబుల్లోనూ ఆయిల్ కూలర్‌లోనూ పేరుకుంటుంది. వేసి ఉంటే మెకానిక్‌కు చెప్పండి, మొత్తం కడగాలి.

మళ్లీ నింపడం

రేడియేటర్ కింది కాక్‌తో పాటు ఇంజిన్ బ్లాకు డ్రెయిన్ బోల్టు కూడా విప్పండి, లేకపోతే పాత నీళ్లు బ్లాకులోనే ఉండిపోతాయి. తేటనీళ్లు వచ్చేదాకా కడగండి. కలిపే కూలెంట్ అయితే సగానికి సగం: మాన్యువల్‌లో 24 లీటర్లు అని ఉంటే 12 కూలెంట్, 12 డిస్టిల్డ్ వాటర్. కడిగాక కొన్ని నీళ్లు లోపలే ఉంటాయి కాబట్టి ముందు 12 లీటర్ల కూలెంట్ పోసి, మిగతాది నీళ్లతో నింపండి. ముందే కలిపి అమ్మే రకంలో నీళ్లు కలపొద్దు. రంగు ఒకటే కదా అని రెండు కంపెనీలవి కలపొద్దు, రకం వేరైతే గంజిలా చిక్కబడుతుంది.

క్యాబిన్ హీటర్‌ను వేడి వైపు తిప్పి, గాలి స్క్రూ వదులుచేసి, నెమ్మదిగా పోయండి. స్క్రూ దగ్గర బుడగల్లేని ధార వచ్చాక బిగించండి. మూత లేకుండా ఇంజిన్ నడపండి. థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే వాల్వు) తెరుచుకుని కింది హోస్ పైపు వేడెక్కేసరికి మట్టం దిగుతుంది, మళ్లీ నింపి మూత పెట్టండి. గాలి లోపల ఉండిపోతే ముల్లు పడుతూ లేస్తూ ఉంటుంది, హీటర్ చల్లగాలి కొడుతుంది.

మొదట ఖాళీ బండితో 30, 40 కిలోమీటర్లు తిప్పండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మీద మట్టాన్ని మార్కర్‌తో గీసి, మూడు రోజులు అదే వేళకు చూడండి. మొదటి రోజు కొంచెం దిగితే మిగిలిన గాలి పోయినట్టు, గీత దాకా పోయండి. రెండో రోజూ మూడో రోజూ దిగితే మామిడి లోడు ఎక్కించకుండా కంప్రెసర్ పరీక్ష దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.