టకోమాతో కారు లాగుతున్నారా? ముందు డోర్ స్టిక్కర్ చూడండి

అమెరికాలో ఊరు మారేటప్పుడు చాలామంది టకోమా లాంటి మిడ్‌సైజ్ పికప్‌కి అద్దె ట్రెయిలర్ తగిలించి క్యామ్రీని ఎక్కించేస్తుంటారు. 6,400 పౌండ్లు లాగుతుందిగా అని ధీమా. ట్రెయిలర్ ఖాళీగానే 2,200 పౌండ్ల దాకా ఉంటుంది, కారు 3,400. మొత్తం 5,600. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. అసలు చిక్కు పేలోడ్ దగ్గర, అంటే పికప్ తన మీద మొయ్యగల బరువు దగ్గర.

ఆ 5,600లో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ (పికప్ వెనక ట్రెయిలర్ తగిలించే గుండు) మీద పడాలి. 12 శాతమనుకున్నా దాదాపు 670 పౌండ్లు, అదీ పేలోడ్ లెక్కలోకే వస్తుంది. డ్రైవర్ డోర్ తీస్తే లోపలి అంచున, మనుషులూ సామానూ కలిపి ఎంత మొయ్యొచ్చో స్టిక్కర్ మీద ఉంటుంది. 1,100 అని ఉంటే ఇక మిగిలేది 430. ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కితే చాలావరకు అయిపోయింది. ఆపైన బెడ్‌లో (పికప్ వెనక తొట్టిలో) బియ్యం బస్తాలు, వెట్ గ్రైండర్ కూడా వేశారో, వెనక స్ప్రింగులు కుంగి ముందు చక్రాలు తేలికైపోతాయి, స్టీరింగ్ మాట వినదు. అవి వేరే బండిలో పంపడమే మేలు.

కారు ముఖం ముందుకే ఉండాలి. తిప్పి ఎక్కిస్తే ఇంజిన్ బరువు వెనక్కి పోయి, వేగం అందుకోగానే ట్రెయిలర్ తోక ఊపుతుంది. ఊగితే బ్రేక్ తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ కదలకుండా పట్టుకోండి.

సేఫ్టీ చైన్లు కప్లర్ (హిచ్ బాల్‌ని పట్టుకునే ట్రెయిలర్ ముందు కొన) కింద అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వెయ్యాలి. కప్లర్ ఊడినా నేలకు గుచ్చుకోకుండా వాటి మీదే ఆగుతుంది. కారు టైర్లను ట్రెయిలర్‌కి కట్టే పట్టీలు ఐదారు మైళ్లకే వదులవుతాయి, ఆపి మళ్లీ బిగించండి.