ఐలాష్ ఎక్స్‌టెన్షన్లు: నాలుగో పాఠం – రాలిన వెంట్రుకను చదవడం

మూడో పాఠంలో ఎక్స్‌టెన్షన్లు, అంటే సొంత రెప్పవెంట్రుకల మీద జిగురుతో అతికించే కృత్రిమ వెంట్రుకలు, పెట్టించుకున్న మొదటి రోజు గురించి చెప్పుకున్నాం. ఆ రోజు కంటికి నీళ్లు, ఆవిరి తగలనివ్వొద్దన్నాను. కారణం గుర్తుందా? ఈ జిగురు సయనోఅక్రిలేట్ రకానిది. విరిగిన కప్పు చెవి అతికించే సూపర్ గ్లూ కూడా ఈ కుటుంబానిదే. ఇది మాత్రం కంటి దగ్గర వాడటానికి వేరుగా తయారుచేసింది. గాలిలో ఉన్న కాస్త తేమతోనే ఇది గట్టిపడుతుంది. పైపైన క్షణాల్లో ఆరిపోయినా, లోపల పూర్తిగా గట్టిపడటానికి గంటలు పడుతుంది. ఆలోగా ఒక్కసారిగా నీళ్లు పడితే తెల్లబడి పెళుసవుతుంది. 24 గంటలు ఆగాలా, 48 గంటలు ఆగాలా అన్నది వాడిన జిగురును బట్టి ఉంటుంది కాబట్టి మీ లాష్ ఆర్టిస్ట్ ఏం చెబితే అదే పాటించండి.

ఆ గడువు దాటిందనుకుని ఇవాళ్టి పాఠం మొదలుపెడదాం. ఒక తెల్ల టిష్యూ, చిన్న నోట్‌బుక్, ఫోన్ కెమెరా దగ్గర పెట్టుకోండి. భూతద్దం ఉంటే మరీ మంచిది.

ఎన్నాళ్లు ఉంటాయి?

నా దగ్గరకు వచ్చే ప్రతి ఒక్కరూ కుర్చీలో కూర్చోకముందే అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు జిగురు సీసా మీద దొరకదు. మీ సొంత రెప్పవెంట్రుకలను అడగాలి.

తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. రెప్పవెంట్రుకకు అంత ఆయుష్షు లేదు. సుమారు నాలుగు నుంచి పది వారాలు పెరిగి ఆగిపోతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో దాని కుదురు కుంచించుకుపోతుంది. ఆపైన కొన్నాళ్లు అలాగే ఉండి, ఏదో ఒక రోజు ముఖం కడుక్కునేటప్పుడో నిద్రలోనో రాలిపోతుంది. ఏ వెంట్రుక లెక్క దానిదే కాబట్టి అన్నీ ఒకేసారి రాలవు. మనకు తెలియకుండానే రోజుకు ఒకటి నుంచి ఐదు దాకా పోతుంటాయి. ఎక్స్‌టెన్షన్ అతికించేది ఈ వెంట్రుక మీదే. జిగురు ఎంత గట్టిదైనా, మోస్తున్న వెంట్రుక రాలితే దాంతోపాటే అదీ వెళ్లిపోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. నోట్‌బుక్‌లో మీరూ వేయండి. పై రెప్ప మీద మనిషిని బట్టి 90 నుంచి 150 దాకా వెంట్రుకలు ఉంటాయి. మీకు ఒక కంటికి వంద అతికించారనుకోండి. రోజుకు రెండు రాలతాయనుకుందాం. రెండు వారాలకు 28 పోయి 72 మిగులుతాయి. మూడు వారాలకు 58. ఆరు వారాలకు 16. రెండు మూడు వారాలకోసారి రీఫిల్‌కి, అంటే పోయినవాటి చోట కొత్తవి పెట్టించుకోవడానికి, రమ్మని ఎందుకంటారో ఈ అంకెలే చెబుతాయి. రీఫిల్ లేకుండా వదిలేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాదాపు అన్నీ వాటంతట అవే పోతాయి. మీకు రోజుకు నాలుగు రాలే తత్వమైతే రెండు వారాలకే సగానికి పైగా తగ్గుతాయి. అందులో ఆర్టిస్ట్ తప్పూ లేదు, మీ తప్పూ లేదు.

ఇంకో చిన్న లెక్క. రెప్పవెంట్రుక రోజుకు దాదాపు 0.13 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఎక్స్‌టెన్షన్‌ను చర్మానికి తగలకుండా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎడంలో అతికిస్తారు. మూడు వారాలు గడిచేసరికి ఆ అతుకు మరో రెండున్నర మిల్లీమీటర్లకు పైగా ముందుకు జరిగిపోతుంది. బరువంతా చివరికి చేరుతుంది కాబట్టి వెంట్రుక పక్కకు వాలుతుంది, మెలి తిరుగుతుంది. మూడో వారంలో అద్దంలో కొన్ని అడ్డదిడ్డంగా కనబడితే కంగారు పడకండి, చేత్తో సరిచేయబోకండి. పెరుగుదల వల్ల వచ్చిన వంకర అది. రీఫిల్ రోజున అలాంటివాటిని తీసేసి కొత్తవి పెడతారు.

రాలినదాన్ని టిష్యూ మీద పెట్టండి

ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది ఇదే. రాలిన వెంట్రుకను చాలామంది ఊది పారేస్తారు. కాసేపు పారేయకండి. టిష్యూ మీద పెట్టి, కెమెరాతో దగ్గరగా చూడండి.

ఎక్స్‌టెన్షన్ మొదలు దగ్గర మీ సొంత వెంట్రుక అంటుకుని ఉందా? ఆ సొంత వెంట్రుక అడుగున తెల్లటి చుక్కలాంటిది కనిపిస్తోందా? అయితే అది కాలం తీరి రాలిన వెంట్రుక. కుదురు ఎండి, తనంతట తాను వదిలేసింది. ఆ చుక్కను చూసి "అయ్యో, వేరుతో సహా ఊడొచ్చింది" అని భయపడేవాళ్లను ఎంతమందిని చూశానో. వేరు పైకి రాలేదు. రాలే ప్రతి వెంట్రుకకూ ఆ చుక్క ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ మోస్తున్నందువల్ల ఇప్పుడు మీ కంట పడింది, అంతే.

ఎక్స్‌టెన్షన్ ఒక్కటే ఉండి, సొంత వెంట్రుక ఆనవాలు లేకుండా, మొదలు దగ్గర గట్టి జిగురు పొర మాత్రమే ఉంటే అతుకు విడిపోయిందని అర్థం. ఇలాంటివి ఎప్పుడు రాలాయన్నది ముఖ్యం. మొదటి మూడు నాలుగు రోజుల్లోనే చాలా రాలితే అతికించేటప్పుడు ఏదో కుదరలేదు. వెంట్రుకలకు మేకప్ మిగిలి ఉండొచ్చు, గదిలో తేమ ఆ జిగురుకు సరిపడనంత ఎక్కువో తక్కువో ఉండొచ్చు, లేదా మీరే తొందరపడి తడిపి ఉండొచ్చు. ఆ టిష్యూ ఫొటో తీసి ఆర్టిస్ట్‌కు చూపించండి. మంచి ఆర్టిస్ట్ దాన్ని ఫిర్యాదుగా తీసుకోరు, తనకు కావలసిన సమాచారం అందులో ఉంటుంది. రెండో వారంలో ఇలా మొదలైతే మాత్రం మీ అలవాట్ల వైపు చూసుకోవాలి: జిడ్డు, రుద్దడం, బోర్లా పడుకోవడం.

మూడోది, సొంత వెంట్రుక సగంలో తెగి ఉండటం. అడుగున చుక్క ఉండదు. ఐలాష్ కర్లర్‌తో నొక్కినప్పుడు, వేళ్లతో పీకినప్పుడు ఇలా తెగుతాయి. ఎక్స్‌టెన్షన్ల మీద కర్లర్ అసలు వాడకూడదు. వంపు ఎలాగూ వాటికే ఉంది.

నాలుగోది నన్ను నిజంగా బాధపెట్టేది. ఒక ఎక్స్‌టెన్షన్‌కు రెండు మూడు సొంత వెంట్రుకలు కలిసి అంటుకుని ఉంటాయి. అతికించేటప్పుడు ఒక్కో వెంట్రుకను పట్టకారుతో విడదీసి పెట్టాలి. తొందరలో ఆ పని వదిలేస్తే ఇలా జరుగుతుంది. పక్కపక్క వెంట్రుకలు ఒకే వేగంతో పెరగవు కదా. త్వరగా పెరిగేది పక్కదాన్ని లాగుతుంది. కన్ను మూసి తెరిచినప్పుడల్లా ఒకచోట సూదిలా గుచ్చుకుంటున్నట్టుంటే అనుమానించాల్సింది దీన్నే. ఇలా లాగుడు నెలల తరబడి సాగితే కుదురు దెబ్బతిని, అక్కడ వెంట్రుకలు పలచబడతాయి. ఇది ఓర్చుకోవాల్సిన నొప్పి కాదు. రీఫిల్ దాకా ఆగకుండా వెళ్లి విడదీయించుకోండి. అదే ఆర్టిస్ట్ దగ్గర మళ్లీ మళ్లీ ఇలాగే జరిగితే ఆర్టిస్ట్‌ను మార్చండి.

కడగడం

ఒకామె మూడు వారాల పాటు కళ్ల మీద ఒక్క చుక్క నీళ్లు పడనివ్వలేదు. ఊడిపోతాయన్న భయం. నా దగ్గరకు వచ్చేసరికి వెంట్రుకల మొదళ్ల దగ్గర చుండ్రులా తెల్లటి పొట్టు, రెప్పల అంచులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. సగం ఎక్స్‌టెన్షన్లు ఎలాగూ పోయాయి. నేను మిగిలినవన్నీ తీసేసి, కంటి డాక్టర్ దగ్గరకు పంపాల్సి వచ్చింది. అంత జాగ్రత్తగా ఉన్నా ఇలా అయిందేమిటని ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. అప్పటినుంచి కడగడం గురించి చెప్పకుండా నేనెవరినీ పంపలేదు.

రెప్ప అంచు వెంబడి సన్నటి నూనె గ్రంథులు ఉంటాయి. కన్నీటి పొర త్వరగా ఆరిపోకుండా కాపాడేది ఆ నూనే. దానికి చర్మపు పొట్టు, దుమ్ము, మేకప్ తోడై మొదళ్ల దగ్గర పేరుకుంటాయి. ఆ మురికిలో బ్యాక్టీరియా, కంటికి కనిపించని డెమోడెక్స్ అనే పురుగులు పెరుగుతాయి. రెప్ప అంచు వాచే ఈ ఇబ్బందిని డాక్టర్లు బ్లెఫరైటిస్ అంటారు. ఎక్స్‌టెన్షన్లు ఉన్నప్పుడు మురికి చిక్కుకునే సందులు ఎక్కువ కాబట్టి మామూలు కంటే ఎక్కువ శుభ్రం కావాలి. రోజూ ఒకసారి, కనీసం రోజు విడిచి రోజు కడగాలి. మేకప్ వేసుకుంటే, చెమట పడితే, ఈత కొడితే ఆ రోజు తప్పనిసరి.

చేసే పద్ధతి ఇది. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. కళ్లు మూసుకుని గోరువెచ్చని నీళ్లతో తడపండి. నూనె, సువాసన కలపని, ఎక్స్‌టెన్షన్ల కోసమే చేసిన ఫోమ్ క్లెన్సర్ ఒక నొక్కు చాలు. మెత్తటి చిన్న బ్రష్‌తో ఆ నురగను రెప్ప అంచు మీద పెట్టి, మొదళ్ల నుంచి కొసల వైపు నెమ్మదిగా లాగండి. అడ్డంగా రుద్దకండి. చాలామంది కొసలు మాత్రమే తడిపి పూర్తయిందనుకుంటారు. మురికి ఉండేది మొదళ్ల దగ్గర, బ్రష్ అక్కడికి చేరాలి. ఒక్కో కంటికి అర నిమిషం చాలు. తర్వాత దోసిలితో శుభ్రమైన నీళ్లు పోస్తూ నురగ జాడ లేకుండా కడగండి. షవర్ ధార నేరుగా కళ్ల మీద పడనివ్వొద్దు.

ఆరబెట్టడానికి కన్ను చుట్టూ మెత్తటి టిష్యూతో అద్దండి, వెంట్రుకలను తాకకండి. తువ్వాలు పోగులు, దూది ఎక్స్‌టెన్షన్లకు చిక్కుకుని లాగుతాయి. గాలికి ఆరనిచ్చి, తేమ దాదాపు పోయాక స్పూలీతో (మస్కారా పుల్లలాంటి చిన్న బ్రష్‌తో) మధ్య నుంచి కొసలకు దువ్వండి. తడిగా ఉండగా దువ్వితే అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. మొదటిసారి కడిగినప్పుడు రెండు మూడు రాలితే భయపడి ఆపేయకండి. టిష్యూ మీద పెట్టి చూడండి. చాలావరకు తెల్ల చుక్క ఉన్నవే అయ్యుంటాయి.

మిగతా అలవాట్లు

నూనె విషయంలో కొంత అతిశయోక్తి ప్రచారంలో ఉంది. ఒక్క చుక్క తగలగానే జిగురు కరిగిపోదు. కానీ నూనెతో చేసిన మేకప్ రిమూవర్, జిడ్డు కాజల్, చిక్కటి ఐ క్రీమ్ రోజూ రెప్ప అంచుకు తగిలేవాళ్లకు అతుకులు త్వరగా వదులవుతాయని నా అనుభవం. వాటర్‌ప్రూఫ్ మస్కారా మరీ చెరుపు, దాన్ని తీయడానికి రుద్దక తప్పదు.

వేడి సంగతి చాలామందికి తెలియదు. ఎక్స్‌టెన్షన్లను మింక్ అని, సిల్క్ అని పిలిచినా ఎక్కువగా అవి పీబీటీ అనే ప్లాస్టిక్ పోగులే. వాటి వంపు వేడితో వచ్చింది, వేడితోనే పోతుంది. ఓవెన్ తలుపు తెరిచి లోపలికి వంగినప్పుడు, మంట మీదికి ముఖం పెట్టినప్పుడు కొసలు ముడుచుకుపోతాయి. అలా కమిలినవి మళ్లీ సరికావు. ఒక అడుగు వెనక్కి నిలబడండి.

పడుకోవడం వెల్లకిలా అయితే మంచిది. ఎప్పుడూ ఒక పక్కే పడుకునేవాళ్లకు ఆ పక్క కంటికే త్వరగా పలచబడుతుంది, నోట్‌బుక్‌లో తేడా మీకే తెలుస్తుంది.

ఆగకుండా చూపించుకోవాల్సినవి

రెండు కళ్ల రెప్పలూ దురదతో ఉబ్బితే జిగురు పడలేదేమోనని అనుమానించాలి. అలర్జీ సాధారణంగా కొన్ని గంటల నుంచి రెండు రోజుల్లో బయటపడుతుంది. ఏళ్ల తరబడి వాడినవాళ్లకూ హఠాత్తుగా రావచ్చు, ఒకసారి వస్తే తర్వాతిసారి ఇంకా ఎక్కువగా వస్తుంది. అందుకే తగ్గిపోతుందిలే అని ఊరుకోకుండా తీయించేసుకుని, డాక్టర్‌కు చూపించండి. కంటిలో నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు భరించలేకపోవడం ఉంటే ముందు కంటి డాక్టర్, తర్వాతే ఆర్టిస్ట్. ఏ పరిస్థితిలోనూ మీరే పీకేయకండి. ఇంట్లో ఉన్న రిమూవర్లు, అసిటోన్ కంటి దరిదాపులకు తేవద్దు.

కళ్లు పొడిబారినట్టుంటే పొడవును కూడా అనుమానించండి. 2015లో అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 రకాల క్షీరదాల కళ్లు కొలిచి చూస్తే, రెప్పవెంట్రుకల పొడవు కంటి వెడల్పులో దాదాపు మూడో వంతు ఉంది. ఆ పొడవు దగ్గర కంటి మీదికి గాలి తాకిడి బాగా తగ్గుతుంది. అంతకంటే పొడవైతే గాలిని కంటి వైపే మళ్లించి, తడి ఆరిపోయేలా చేస్తాయి. పొడవు మీద ఆశ ఎవరికైనా ఉంటుంది, కాదనను. అయినా కళ్లు మండుతుంటే ఈసారి రీఫిల్‌లో ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గించమని అడగండి.

ఈ వారం అభ్యాసం

ఏడు రోజుల పాటు కడిగిన ప్రతిసారీ రాలినవాటిని టిష్యూ మీద పెట్టి, నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసి రాయండి: తెల్ల చుక్క ఉన్నవి, ఒంటరి ఎక్స్‌టెన్షన్లు, తెగినవి, జంటగా అంటుకున్నవి. కుడి, ఎడమ కళ్లకు వేరువేరుగా రాయండి. నిద్ర లేచాక దిండు మీద చూడటం మరిచిపోకండి, కొన్ని అక్కడే ఉంటాయి. మొదటి గడిలో రోజుకు సగటున ఎన్ని వచ్చాయో తేల్చి, పైన వేసిన లెక్కలో రెండుకు బదులు ఆ అంకె పెట్టండి. వందలో అరవై మిగిలే రోజు ఏదో గుర్తించి, ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. ఐదో పాఠంలో రీఫిల్ చేయించాలా, అన్నీ తీయించి కళ్లకు కొన్నాళ్లు విరామం ఇవ్వాలా అన్నది తేల్చుకోవడం ఆ తేదీతోనే మొదలుపెడతాం.