బరంపురం, రాయగడ వైపు సౌర వాతావరణం: రోజూ ఏం చూడాలి, ఏం రాసుకోవాలి

సూర్యుడి జ్వాలలు, గాలులు మన రేడియో, జీపీఎస్ సిగ్నళ్లని చెడగొట్టడమే సౌర వాతావరణం సంగతి. హామ్ రేడియో (లైసెన్సుతో సరదాకి నడిపే రేడియో) నడిపేవాళ్లకీ, ఆర్‌టీకేతో (సెంటీమీటర్ల కచ్చితత్వంతో చోటు చెప్పే జీపీఎస్ పద్ధతి) భూముల సర్వే చేసేవాళ్లకీ దీన్ని గమనించడం రోజూ పది నిమిషాల పని. ఫోనూ, ఒక నోటుబుక్కూ చాలు.

ముందు టైము సంగతి. లెక్కలన్నీ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటాయి, మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలి. మూడేసి గంటలకి ఒకటిగా వచ్చే కేపీ సూచీలో (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అలజడిగా ఉందో 0 నుంచి 9 దాకా చెప్పే అంకె) కొత్త రోజు మనకి పొద్దున్న 5:30కి మొదలవుతుంది. పుస్తకంలో తేదీ కూడా యూటీసీదే వెయ్యండి. లేకపోతే నెల తిరిగేసరికి ఏ తుఫాను (వానల తుఫాను కాదు, భూమి అయస్కాంత క్షేత్రంలో రేగేది) ఏ రోజుదో తేలదు.

అమెరికా నోవా (NOAA) అంతరిక్ష వాతావరణ కేంద్రం మూడు రోజుల అంచనా మనకి పొద్దున్న, సాయంత్రం ఆరింటికి వస్తుంది. పొద్దున్నే 10.7 సెంటీమీటర్ల రేడియో ఫ్లక్స్ (సూర్యుడి చురుకుదనం చెప్పే కొలత), నిన్నటి పెద్ద సౌరజ్వాల, గరిష్ఠ కేపీ రాసుకోండి. సౌరపవనం (సూర్యుడి నుంచి వీచే కణాల గాలి) వేగం పక్కనే బీజెడ్ (ఆ గాలితో వచ్చే అయస్కాంత క్షేత్రంలో ఉత్తర-దక్షిణ భాగం) కూడా రాయాలి. వేగం ఎంతున్నా బీజెడ్ ప్లస్‌లో ఉంటే పెద్దగా ఏమీ జరగదు. మైనస్ 10 నానోటెస్లా దాటి కొన్ని గంటలు నిలిచిందంటే తుఫాను ఖాయమనుకోండి. ఆ కొలతలు తీసే ఉపగ్రహాలు మనకి 15 లక్షల కిలోమీటర్ల ముందున్నాయి. సెకనుకి 400 కిలోమీటర్ల గాలి అయితే గంట వ్యవధి దొరుకుతుంది, 800 అయితే అరగంటే.

జ్వాల దెబ్బ భూమి మీద పగలున్న సగానికే. రాత్రి పదకొండింటికి ఎక్స్ క్లాస్ (అన్నిటికంటే పెద్ద తరగతి) జ్వాల వచ్చినా మన బ్యాండ్లకి ఏమీ కాదు. మిట్టమధ్యాహ్నం 40 మీటర్ల బ్యాండ్ ఉన్నట్టుండి మూగబోతే మాత్రం, యాంటెన్నా కనెక్టర్ విప్పకముందు సూర్యుడి ఎక్స్‌రే గ్రాఫ్ చూడండి. తక్కువ ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి, ఆఖర్న తిరిగొస్తాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న 10 మీటర్ల బ్యాండ్ ముందుగా తేరుకుంటే అది జ్వాల పనే.

సొంత అంచనాకి 27 రోజుల లెక్క పనికొస్తుంది. కరోనల్ హోల్ (సూర్యుడి మీద వేగమైన గాలి వెలువడే చోటు) అప్పటికి మళ్లీ మనవైపు తిరుగుతుంది, కేపీ కూడా సుమారు అదే స్థాయికి లేస్తుంది. సూర్యమచ్చల గుంపులకి ఈ నమ్మకం లేదు, పైగా తిరిగొచ్చాక నంబరు మారుతుంది: 2024 మే తుఫానుకి కారణమైన గుంపు 13664, నెలాఖరుకి 13697గా వచ్చింది.

అసలు సమస్య మన అక్షాంశాలది. కేపీ ఒకటి, రెండు ఉన్న ప్రశాంతమైన రోజున కూడా సాయంత్రం ఏడున్నర నుంచి అర్ధరాత్రి దాకా ఆర్‌టీకే ఫిక్స్ (కచ్చితమైన స్థానం) పోయి ఫ్లోట్‌లో (అంత కచ్చితం కాని స్థానం) పడుతుంది. సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్‌లో (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) లేచే ప్లాస్మా బుడగలే కారణం. ఫిబ్రవరి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరు నెలల్లో, అందులోనూ ఫ్లక్స్ 150 దాటిన రోజుల్లో ఇవి ఎక్కువ. పెద్ద తుఫాను ఒక్కోసారి వీటిని లేవకుండా అణచేస్తుంది కూడా. అందుకే కేపీని చూసి సాయంత్రం పని పెట్టుకోకండి. ఈ నెలల్లో కీలకమైన పాయింట్లు పగలే తీసుకోండి.

అది బుడగేనా, చెట్టు అడ్డా అన్న అనుమానం వస్తే, ఏ జీపీఎస్ ఉపగ్రహం సిగ్నలు ఎన్నింటికి ఊగిందో రాసి, మర్నాడు అక్కడే చూడండి. జీపీఎస్ ఉపగ్రహం రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటికొస్తుంది. సరిగ్గా నాలుగు నిమిషాల ముందు మళ్లీ ఊగితే కొమ్మలు కొట్టించండి.